కత్తెరకు ముందు సుద్దగీత

మా వియ్యంకుడంటే నాకు కడుపుమంట. ఆయన నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. అదే బాధ. చేసి ఉంటే నలుగురితో చెప్పుకుని చల్లారేవాణ్ణి.

ఆయన బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. నేను చొక్కాల కటింగ్ మాస్టర్ని, ఇంకా రిటైరవలేదు. మా ఇద్దరికీ కలిపి ఒక్కతే మనవరాలు, చిట్టి. నా కూతురి కూతురు, ఆయన కొడుకు కూతురు. పెరిగిందంతా ఆయనింట్లో. పొద్దున్నే లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చి కూర్చునేది ఆయన ఒళ్ళో. నా దగ్గరికి ఆదివారం తలదువ్వించుకుని, చెప్పులేసుకుని వచ్చేది. తలదువ్వుకుని వచ్చే పిల్లకీ, నిద్రమొహంతో వచ్చే పిల్లకీ తేడా ఉంటుంది. అది తాతలకే తెలుస్తుంది.

ఆయన్ని బస్సు తాతయ్య అనేది, నన్ను చొక్కా తాతయ్య అనేది. ఇప్పుడు కంప్యూటర్ల చదువు చదివి పెద్దదయినా అలాగే అంటోంది.

ఈమధ్య చిట్టి ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. కంప్యూటరు లోపల ప్రాసెసరని ఒక ముక్క ఉంటుందట, పనంతా అదే చేస్తుందట. ఆ ముక్క పని ఎలా అందుకుంటుంది, ఎలా పూర్తిచేస్తుంది అన్నది చదువు లేనివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పి, వీడియో తీసి పంపమన్నారు కాలేజీవాళ్ళు. పాఠం ఎవరిది నచ్చితే వాళ్ళకే ఉద్యోగం.

ఈ సంగతి వియ్యంకుడిగారింట్లో భోజనాల దగ్గర తెలిసింది. చిట్టి కంచంలో చెయ్యి అలాగే ఉంచి, "పాఠమంతా బస్సు డిపో మీద చెప్తా తాతయ్యా. ప్రాసెసరంటే అచ్చం మన డిపోనే" అంది.

మన డిపో! నాకు ముద్ద గొంతులో అడ్డం పడింది.

"మంచినీళ్ళు తాగండి బావగారూ" అని గ్లాసు నా వైపు జరిపారు కంట్రోలరుగారు. నేను తాగలేదు.

"ఏదీ, అదేం చేస్తుందో నాకూ చెప్పు. విన్నాక డిపోనో గిపోనో చూద్దాం" అన్నాను చిట్టితో.

మా అమ్మాయి వడ్డిస్తూ, "నాన్నా, నీకెందుకవన్నీ?" అంది.

"చదువు లేనివాడికి అర్థం కావాలన్నారుగా. ఈ ఇంట్లో నాకంటే తక్కువ చదివినవాడు ఎవడున్నాడు?"

చిట్టి నవ్వి మొదలుపెట్టింది. "దానికి పెద్ద పనులేవీ తెలీవు చొక్కా తాతయ్యా. ఇది తీసుకురా, ఈ రెండూ కలుపు, ఏది పెద్దదో చూడు, అక్కడ పెట్టు. అంతే. ఇలాంటి చిన్న చిన్న ఆజ్ఞలు వరసగా వస్తాయి. లోపల ఒకచోట ఆజ్ఞని తెచ్చుకుంటారు. పక్కచోట దాని అర్థం విప్పుతారు. ఆ పక్కన పని చేస్తారు. చివర్న ఫలితం తీసుకెళ్ళి దాని చోట్లో పెడతారు."

"ఒకటి అయ్యాక ఇంకోటా?"

"అక్కడే ఉంది కిటుకు. మొదటిది పని జరిగే చోటికి వెళ్ళగానే రెండోదాని అర్థం విప్పుతుంటారు, మూడోదాన్ని తెచ్చుకుంటుంటారు. ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు."

నాకు నవ్వొచ్చింది. "ఓసి నీ! ఇది మా కొట్టే పిల్లా. ఒక చొక్కా ఇస్త్రీ కింద ఉంటే ఇంకోటి కాజాల దగ్గర ఉంటుంది, ఇంకోటి మిషను మీద, ఇంకోటి నా బల్ల మీద. డిపో ఎక్కణ్ణించి వచ్చింది మధ్యలో?"

"డిపోలో కూడా అంతే బావగారూ" అన్నారు కంట్రోలరుగారు, మజ్జిగ కలుపుకుంటూ. "ఒక బస్సు గేటు దాటుతుంటే ఒకటి ప్లాట్‌ఫారం మీద, ఒకటి కడిగేచోట, ఒకటి డీజిలు దగ్గర."

"బస్సుల్ని మీరు కదిలిస్తారంతే బావగారూ. మేం తయారుచేస్తాం. ఇక్కడ ఆజ్ఞ తయారవ్వాలి గానీ ఊరేగడం కాదుగా?"

చిట్టి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఆగండాగండి. సరుకు అందకపోతే మీ కొట్లో ఏం చేస్తారు? ఒక చొక్కాకి కాలర్ గుడ్డ రాలేదనుకో."

"కాలర్ పక్కన పెట్టి చేతులు కుడతాం. లేదా దాన్ని వదిలి వెనక చొక్కా అందుకుంటాం."

"మరి ముందొచ్చినవాడికి ముందు ఇవ్వాలిగా?"

"ఇస్తాంగా. కుట్టేది ఎటునుంచి కుట్టినా, ఇచ్చేది మాత్రం వరస తప్పదు."

చిట్టి కంచం ముందునుంచి లేచి నిలబడిపోయింది. "తాతయ్యా! ప్రాసెసరు కూడా అంతే చేస్తుంది!"

ఆ క్షణంలో నా ఛాతీ ఎంత వెడల్పయిందో, నా టేపు చాలేది కాదు. ఓరగా కంట్రోలరుగారి వైపు చూశాను. ఆయనా సంతోషంగానే తలూపుతున్నారు. ఆ తలూపడం చూసి మళ్ళీ ఒళ్ళు మండింది. ఓడిపోతున్నవాడు కాస్త మొహం మాడ్చుకోవద్దా?

"ఆదివారం మీ కొట్టుకి వస్తాను. చూశాక ఏది పెట్టాలో తేలుస్తా" అంది చిట్టి.

ఆదివారం వచ్చేలోపు కొట్టంతా కడిగించాను. గుడ్డల రాక్ దులిపించాను. కాజాలు కుట్టే ఒకావిడ ఉంది, నా కొట్లో నాకంటే ఎక్కువ నోరున్న మనిషి. "ఏంటి మాస్టారూ, పెళ్ళిచూపులా? పెళ్ళికొడుకు ఎవరు, మీరేనా?" అంది.

"నా మనవరాలొస్తోంది. కొట్టు చూసి పాఠం చెప్తుంది."

"ఆ పాఠంలో నేనుంటానా?"

"నీ నోరు కాసేపు కట్టేస్తే ఉంటావు."

చిట్టి వచ్చింది. వెనకాలే కంట్రోలరుగారు. చంకలో కాగితం పొట్లం.

"ఊరికే చూడ్డానికొస్తే మీ పనికి అడ్డం కదా బావగారూ. అందుకని చొక్కా గుడ్డ తెచ్చాను. నేనే మీ గిరాకీని" అన్నారు.

పిలవని చోటుకి కూడా పనికొచ్చే మనిషిలా రావడం ఆయనకే చేతనవును.

చిట్టి మిషన్ల దగ్గర, కాజాల దగ్గర, ఇస్త్రీ దగ్గర తిరిగి, చేతికందే చోట రోజూ వాడే దారాలు ఎందుకు పెట్టుకున్నారు, మిగతావి లోపలి గదిలో ఎందుకు ఉన్నాయి అని అడిగింది. "ప్రతి దారానికీ లోపలికి వెళ్ళొస్తుంటే చొక్కా ఎప్పుడవుతుందమ్మాయ్?" అని కాజాలామె ఎదురడిగింది. చిట్టి మురిసిపోయింది. ప్రాసెసరు కూడా తరచూ కావలసినవి చేతికందేంత దగ్గర పెట్టుకుంటుందట, దూరం నుంచి తేవాలంటే దానికీ విసుగేనట.

ఆ తరువాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు అన్నిటికంటే కష్టమైంది తాతయ్యా. ఒక్కోసారి ఆజ్ఞల దారి రెండుగా చీలుతుంది. ఇలా అయితే అటు వెళ్ళు, కాకపోతే ఇటు వెళ్ళు అని. ఎటో తేలాలంటే ముందున్న లెక్క పూర్తవ్వాలి. అప్పటిదాకా ఊరికే కూర్చుంటే కాలం వృథా. అందుకని ఇంతకుముందు ఎటెళ్ళిందో గుర్తుపెట్టుకుని, ఈసారీ అటేనని ఊహించి పని మొదలుపెట్టేస్తుంది. మీ కొట్లో అలాంటిది ఉందా?"

"లేకపోవడమేంటి?" అన్నాను. "గిరాకీ గుమ్మంలో అడుగుపెట్టగానే సగం చొక్కా నా బుర్రలో తయారు. ఇదిగో చూడు, మీ బస్సు తాతయ్య. ఆయన్నేమీ అడగక్కర్లేదు."

ఆ మాటతో ఊరుకుని ఉంటే బాగుండేది. చిట్టి కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. పక్కన కంట్రోలరుగారు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నారు. నేను పొట్లం విప్పి గుడ్డ మడతేసి, ఆయన కొలతలు నోటికి వచ్చుగనక, కత్తెర తీసుకుని చేతులు కత్తిరించేశాను. ఒక్క ఊపులో. పొట్టి చేతులు. ఈ చుట్టరికం కలిసినప్పటి నుంచీ ఆయన వేసుకున్నవన్నీ పొట్టి చేతులే.

"అబ్బ, ఏం వేగం తాతయ్యా!" అంది చిట్టి.

కంట్రోలరుగారు ఫోను జేబులో పెట్టుకుంటూ, "బావగారూ, ఈసారి పొడుగు చేతులు పెట్టండి" అన్నారు.

కొట్లో మిషన్లు ఆగిపోయాయి. కాజాలామె సూది అలాగే గాల్లో ఉంది.

"పొడుగా?" అన్నాను. "మీరెప్పుడూ పొట్టివేగా?"

"ఇప్పుడు చలి ఆగడం లేదు బావగారూ. సాయంత్రమయ్యేసరికి చేతులు చల్లబడిపోతున్నాయి." బల్ల మీద ముక్కలు చూశారు. "అయ్యో. కోసేశారా? ఫరవాలేదులెండి, పొట్టివే కుట్టండి. నేను మీద శాలువా కప్పుకుంటా."

గుడ్డ ఎప్పటికంటే ఎక్కువే తెచ్చారు. పొట్లం విప్పినప్పుడు నా చేతికి తెలిసింది కూడా. పట్టించుకోలేదు.

చిట్టి మాత్రం చప్పట్లు కొట్టింది. "ఇదే! ప్రాసెసరుకి కూడా ఇలాగే ఊహ తప్పుతుంది! పాతదాన్ని నమ్ముకుంటే మనిషి మారాడని తెలీదుగా!" అంటూ ఆగి, గుడ్డ చూసి చప్పట్లు ఆపేసింది. "కానీ తాతయ్యా... అది ఊహ తప్పితే చేసినదంతా పారేసి, వెనక్కొచ్చి, రెండోదారిలో మొదలుపెడుతుంది. కాస్త కాలం పోతుంది, అంతే. మనం ఈ గుడ్డని మళ్ళీ అతికించలేం కదా."

నేను కత్తెర బల్ల మీద పెట్టేశాను.

"మా డిపోలో ఏం చేసేవాళ్ళమంటే" అని కంట్రోలరుగారు మెల్లగా అందుకున్నారు. "పెద్ద స్టాపులో జనం ఉంటారనిపిస్తే, కబురు రాకముందే ఒక ఖాళీ బస్సుని అటు పంపేవాణ్ణి. జనం లేకపోతే తిరిగి రమ్మనేవాణ్ణి."

"డీజిలు దండగ కదా?" అన్నాను నేను.

"దండగే బావగారూ. బస్సు మాత్రం వెనక్కొచ్చేస్తుంది."

"ప్రాసెసరుకీ కరెంటు దండగే" అంది చిట్టి, నా మొహం చూడకుండా. "చొక్కా తాతయ్యా, ఏమీ అనుకోకు. దీనికి డిపోనే సరిపోతుంది. అసలు పాఠం నిలబడేది ఈ ఊహ దగ్గరే."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు రోడ్డు దాటడానికి చిట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. నేను గాజు తలుపులోంచి చూస్తూ నిలబడ్డాను.

"మాస్టారూ, ఇస్త్రీపెట్టెకి కరెంటు ఎందుకు? మీ మొహానికి ఆనిస్తే చాలు" అంది కాజాలామె.

"నోర్ముయ్" అన్నాను. ఆ రోజు ఇంకే గుడ్డా ముట్టుకోలేదు.

మర్నాడు కొట్టు తెరిచేసరికి గుమ్మంలో కంట్రోలరుగారు. ఓదార్చడానికొచ్చారని అర్థమైంది. ఓదార్పు ఎవరి దగ్గర్నుంచైనా పుచ్చుకోగలను గానీ ఆయన దగ్గర్నుంచా!

"గుడ్డకి గుడ్డ నేను తెప్పిస్తాలెండి. పొడుగు చేతులే కుడతాను" అన్నాను, కూర్చోమనకుండానే.

ఆయనే స్టూలు లాక్కుని కూర్చున్నారు. "గుడ్డ కోసం రాలేదు బావగారూ. రాత్రంతా ఒకటే ఆలోచన. మీరు ఏ చొక్కాకైనా ముందు సుద్దతో గీస్తారుగా? నిన్న గియ్యకుండానే కత్తెర తీశారేం?"

ఏమని చెప్పను? మీరు పక్కనుండగా నా మనవరాలి ముందు గొప్ప చూపించుకోవాలని తీశానని చెప్పనా?

"కొలతలు నోటికొచ్చు. అందుకని" అన్నాను.

"అదే అనుకున్నా. కానీ రోజూ మీరు చేసేది చూస్తే, గిరాకీ చేతుల సంగతి చెప్పేలోపు సుద్దతో గీసేస్తారు. ఆయన కాదంటే అరచేత్తో దులిపేసి మళ్ళీ గీస్తారు. ఆయన సరేనన్నాకే కత్తెర. చిట్టి చెప్పిన యంత్రం కూడా అంతేనట. నిన్న దార్లో అడిగాను. ఊహించి చేసిన పని ఫలితాన్ని వెంటనే అసలు చోట్లో పెట్టెయ్యదట. పక్కన ఉంచుకుంటుందట. ఊహ నిజమని తేలాకే వరసలో తీసుకెళ్ళి పెడుతుందట. తప్పని తేలితే చెరిపేస్తుందట. అది సుద్దగీత కాక మరేంటి బావగారూ? మా బస్సుకంటే మీ సుద్దే దగ్గరగా ఉంది."

బల్ల మీది సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాను. చిన్నప్పటి నుంచీ నా చేతిలో ఉన్న వస్తువు. దాని సంగతి డిపోలో బతికినాయన వచ్చి నాకు చెప్పాలా?

"చిట్టికి చెప్పారా ఈ మాట?"

"లేదు. మీ కొట్టు మాట. మీరే చెప్పండి."

చూశారా? పాఠాన్ని తన చేతుల్లోంచి తీసి నా చేతుల్లో పెట్టి, పెట్టినట్టు కూడా ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోదామని చూస్తున్నారు. మంచితనంలో కూడా ఆయనే ముందు. ఇలాంటి మనిషిని చూస్తూ ఎవడైనా కుళ్ళుకోకుండా ఎలా ఉంటాడు?

సాయంత్రం చిట్టిని కొట్టుకి పిలిచాను. పాత గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి సుద్దతో పొట్టి చేతులు గీశాను. "ఇప్పుడు గిరాకీ పొడుగన్నాడు" అని అరచేత్తో దులిపేసి పొడుగు గీశాను. "ఇప్పుడు సరేనన్నాడు" అని కత్తెర పెట్టాను.

చిట్టికి నేను ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. నోరు తెరుచుకుని చూసింది. "సుద్ద ఊహ, కత్తెర ఖాయం! తాతయ్యా, ఇది డిపోకంటే వెయ్యి రెట్లు నయం! ఎప్పుడు తట్టింది నీకు?"

నాకే తట్టిందంటే కాదనేవాడు లేడు. ఆయన తన నోటితో చచ్చినా చెప్పరు. ఆ సంగతి గుర్తొచ్చి నా నోరు నాకే అడ్డం తిరిగింది.

"నాకు కాదు. మీ బస్సు తాతయ్యకి తట్టింది" అన్నాను. "పొద్దున వచ్చి చెప్పారు."

"నిజంగా?" అంటూనే బయటికెళ్ళి ఆయనకి ఫోను చేసింది. లోపలికి వినపడేలా, "బస్సు తాతయ్యా, నువ్వు బంగారానివి!" అంటోంది. నేను బల్ల మీద సుద్దపొడి తుడుచుకుంటూ నిలబడ్డాను.

కాజాలామె దారం కొరికి, "నిజం చెప్తే కడుపు చల్లబడుతుందంటారే మాస్టారూ, చల్లబడిందా?" అంది.

"ఇంకా మండుతోంది."

వీడియో మా కొట్లోనే తీశారు. చిట్టి మాట్లాడుతూ ఉంటుంది, నేను గీస్తూ కోస్తూ ఉంటాను, కంట్రోలరుగారు గిరాకీలా వచ్చి కూర్చుంటారు. కాజాలామెకి కూడా చెప్పడానికి ఒక డైలాగు ఇచ్చింది చిట్టి. ఆమె పొద్దున్నుంచీ అద్దం ముందునుంచి కదల్లేదు. వీడియో తీసే ఫోనుని ఎత్తులో పెట్టారు, బల్ల మీద సుద్దగీతలు బాగా కనపడాలని. బాగానే కనపడ్డాయి. నేను గుడ్డ మీద వంగి ఉన్నాను గనక నా బట్టతల కూడా బాగానే కనపడింది. మొదటి నుంచి చివరిదాకా అదే. కంట్రోలరుగారు మాత్రం స్టూలు మీద నిటారుగా, నవ్వుతూ, "ఈసారి పొడుగు చేతులు పెట్టండి మాస్టారూ" అన్నారు. పాఠమంతా తిరిగేది ఆ ఒక్క మాట చుట్టూనే.

చిట్టికి ఉద్యోగం వచ్చింది. కబురు చెప్పడానికి ఇద్దరూ కలిసి కొట్టుకొచ్చారు. చిట్టి ముందు నా మెడ చుట్టూ చేతులు వేసింది, ఆ తరువాత ఫోను తీసింది.

"కాలేజీవాళ్ళు ఏం రాశారో వినండి. పాఠం చాలా బాగుందట. గిరాకీగా కూర్చున్న పెద్దాయన నటన ఎంతో సహజంగా ఉందట!"

"నా గురించి?" అన్నాను.

చిట్టి మళ్ళీ చదువుకుంది. "గీసిన గీతలు స్పష్టంగా ఉన్నాయన్నారు తాతయ్యా."

కంట్రోలరుగారు నేల చూపులు చూశారు. ఆయనకి సిగ్గేసింది, అది నిజం సిగ్గే. ఆ సిగ్గు కూడా ఆయన మొహానికి అందంగానే ఉంది.

కొత్త గుడ్డ నేను తెప్పించి ఉంచాను. "రండి, నిలబడండి. చొక్కా బాకీ ఉంది" అన్నాను.

"కొలతలు నోటికొచ్చుగా బావగారూ?"

"అవన్నీ పాతవి. చెయ్యి చాపండి."

భుజం మీంచి మణికట్టుదాకా టేపు పెట్టాను. మణికట్టు చుట్టూ తిప్పితే టేపు అనుకున్నదానికంటే ముందే కలిసిపోయింది. మళ్ళీ తిప్పి చూశాను. అంతే ఉంది. ఎన్నోసార్లు ఎదురుగా కూర్చుని భోంచేసినవాణ్ణి, ఆ చేతులు ఎప్పుడు ఇంత సన్నబడ్డాయో చూసుకోలేదు. ఎంతసేపూ ఆ చేతుల్ని పట్టుకున్న పిల్లనే చూశాను.

"ఇంకా ఎంతసేపు నిలబడాలి బావగారూ?"

"అంత బాగా నటించారుగా, నిలబడండి" అన్నాను. చిట్టి పకపకా నవ్వింది.

సుద్దతో గీసి, "పొడుగేగా?" అని అడిగి, ఆయన సరేనన్నాక కత్తిరించాను. లోపల పల్చటి ఊలు గుడ్డ వేశాను, చలి తగలకుండా. కాజాలు దగ్గరుండి కుట్టించాను. ఆయన వేసుకుని, కఫ్ గుండీలు పెట్టుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు.

పొడుగు చేతులు కూడా ఆయనకి నప్పాయి. పొట్టివాటికంటే బాగా నప్పాయి. ఏం చెయ్యను, కుట్టింది నేనే.